ధోల్పూర్ హౌస్ మెట్లెక్కక ముందే: నా సివిల్స్ ఇంటర్వ్యూ అనుభవం

సివిల్స్ ఇంటర్వ్యూలో చేసే పొరపాట్ల గురించి ఎవరిని అడిగినా ఢిల్లీలోని యూపీఎస్సీ కార్యాలయం ధోల్పూర్ హౌస్‌లో బోర్డు ముందు గడిపే ఆ అరగంట గురించే చెబుతారు. ఎలా కూర్చోవాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, తలుపు తీసేటప్పుడు ఏమనాలి అంటూ మొదలుపెడతారు. నా అనుభవంలోనూ, నాతో పాటు ఢిల్లీ వెళ్లిన మిత్రుల అనుభవంలోనూ తేలింది వేరు. గదిలో బయటపడే తప్పుల్లో చాలావాటికి బీజం ఇంటి దగ్గరే పడుతుంది. దరఖాస్తు నింపిన రోజున, మాక్ ఇంటర్వ్యూల్లో, సొంత ఊరి గురించి చదవకుండా వాయిదా వేసుకున్న రోజుల్లో పడుతుంది. అందుకే ఇక్కడ గది సంగతుల కన్నా దానికి ముందు సంగతులే ఎక్కువ రాస్తున్నాను.

మెయిన్స్ రాతపరీక్షకు 1750 మార్కులు, ఇంటర్వ్యూకు 275, మొత్తం 2025. ఇంటర్వ్యూకు కనీస అర్హత మార్కులంటూ లేవు. యూపీఎస్సీ దీన్ని వ్యక్తిత్వ పరీక్ష అంటుంది. ఇది గట్టి అడ్డ ప్రశ్నల విచారణ కాదని, సహజంగా సాగుతూనే ఒక ఉద్దేశంతో నడిచే సంభాషణ అని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. మానసిక చురుకుదనం, స్పష్టంగా తర్కబద్ధంగా చెప్పగలగడం, సమతూకం గల నిర్ణయం, ఆసక్తుల లోతు, నిజాయతీ వంటివి చూస్తామని కూడా అందులోనే ఉంది. లక్షల మంది చదివే ఆ నోటిఫికేషన్‌లో ఈ ఒక్క పేరాను నిదానంగా చదివేవాళ్లు చాలా తక్కువ. మీరు మాత్రం దాన్ని గోడకు అంటించుకోండి.

మాది విశాఖపట్నం గాజువాక. ఉక్కు కర్మాగారం కోసం భూమి ఇచ్చిన కుటుంబం. తాతయ్య పొలం పోయింది, నాన్నకు నిర్వాసితుల కోటాలో కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది. ఇంజనీరింగ్ చదివాను, మెయిన్స్‌లో ఎంచుకున్న ఆప్షనల్ సబ్జెక్టు ఆంత్రొపాలజీ, అంటే మానవశాస్త్రం. చదువంతా ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనూ ఇంట్లోనూ సాగింది. ఈ వివరాలు ఎందుకంటే, ఇంటర్వ్యూ చేసే బోర్డు ముందు ఉండేది సరిగ్గా ఇవే. డాఫ్ అని మనం పిలుచుకునే వివరమైన దరఖాస్తు తప్ప మన గురించి వాళ్లకు మరో ఆధారం లేదు.

ఆ డాఫ్ దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. ప్రిలిమ్స్ తర్వాత ఒక భాగం, మెయిన్స్ ఫలితాల తర్వాత సర్వీసుల ప్రాధాన్యాలతో మరో భాగం నింపాలి. మెయిన్స్ ఒత్తిడిలో ఉన్నవాళ్లు మొదటి భాగాన్ని ఏదో ఒక రాత్రి హడావిడిగా నింపి పంపేస్తారు. ఆసక్తుల గడిలో అందంగా కనిపించేది ఏదో రాసేస్తారు. మా మిత్రుడొకరు ప్రకృతి వ్యవసాయం అని రాశాడు. మన రాష్ట్రంలో దానికి మంచి పేరుంది కదా అనుకున్నాడు. జీవామృతం ఎలా తయారు చేస్తారని అడిగితే ఆవు పేడ, మూత్రం దాకా చెప్పి ఆగిపోయాడు. బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు పుట్టమట్టి గుర్తుకు రాలేదు. దాన్ని ఎన్ని రోజులు నాననివ్వాలని ఆ సభ్యుడు నెమ్మదిగా అడిగారు. ఒక్కసారైనా చేత్తో కలిపినవాడికి ఆ ప్రశ్న సులువు. ఇలా ఒక్క మాట తేలిపోతే, మిగతా దరఖాస్తు మీద కూడా నీడ పడుతుంది.

నాకు ముందు ఎంపికైన ఒక అక్క డాఫ్ నింపే ముందే నన్ను కూర్చోబెట్టి చెప్పింది: ‘ఇందులో నువ్వు రాసే ప్రతి మాటా ఒక ప్రశ్నను పిలుస్తుంది. ఆ ప్రశ్న రావడం నీకు ఇష్టం లేకపోతే ఆ మాటే రాయకు.’ ఈ ఒక్క సలహా నాకు చేసినంత మేలు ఏ కోచింగూ చేయలేదు. బౌద్ధ క్షేత్రాల సందర్శన అని రాశాను, ఎందుకంటే తొట్లకొండకూ బావికొండకూ కాలేజీ రోజుల నుంచి వెళ్తూనే ఉన్నాను. పుస్తకాలు చదవడం, సంగీతం వినడం లాంటివి రాయలేదు. చదవడం తప్పని కాదు. ఏ పుస్తకం, ఏ రాగం అని అడిగితే లోతుగా చెప్పగలిగేంత నమ్మకం ఉంటేనే రాయాలి.

డాఫ్ పంపాక దాని ప్రతి ఒకటి తీసి, ఒక్కో మాట కింద రాగల ప్రశ్నలు పెన్సిలుతో రాసుకున్నాను. పేరు, పుట్టిన ఊరు, బడి, కాలేజీ, నాన్న ఉద్యోగం, ఆప్షనల్, ఐఏఎస్ ముందు ఎందుకు, ఐపీఎస్ తర్వాత ఎందుకు... సమాధానాలు మాత్రం రాసుకోలేదు. రాస్తే కంఠతా పట్టాలనిపిస్తుంది, కంఠతా పడితే అడిగిన ప్రశ్నకు బదులు మనం సిద్ధం చేసుకున్న ప్రశ్నకు జవాబు చెబుతాం. బోర్డు ముందు నేను విన్న పొరపాట్లన్నిటిలోనూ ఇదే పెద్దది.

ఇక ఊరి సంగతి. విశాఖ పిల్లలకు ఇదొక వరం, అదే పరీక్ష కూడా. ఓడరేవు, తూర్పు నౌకాదళ కేంద్రం, హిందుస్థాన్ షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారం, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ విషవాయువు, 2023 నవంబరులో చేపల రేవులో కాలిపోయిన పడవలు, 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే జోన్, కొండ మీద అరకు కాఫీ, ఏజెన్సీలో గిరిజన భూములు. ఇన్ని అంశాలు ఒకే ఊరి చుట్టూ ఉన్న అభ్యర్థి దేశంలో ఎక్కడున్నాడు? అయినా మనవాళ్లు ఢిల్లీ కోచింగ్ కేంద్రాల నోట్సులో అంతర్జాతీయ సంబంధాలు చదువుతూ కూర్చుంటారు. అదీ కావాలి, కాదనను. కానీ సొంత ఊరి ప్రశ్నకు తడబడితే క్షమించరు, క్షమించకూడదు కూడా.

నేను పేపర్లు చదివాను, దానికి తోడు మనుషుల దగ్గరకు వెళ్లాను. కోక్ ఓవెన్ బ్యాటరీల దగ్గర పని చేసే నాన్న స్నేహితుడు ఒక ఆదివారం మా వరండాలో కూర్చుని, ముడిసరుకు ఆలస్యమైతే బ్లాస్ట్ ఫర్నేస్‌కు ఏమవుతుందో సుద్దముక్కతో నేల మీద గీసి చూపించారు. చేపల రేవులో బోటు యజమాని ఒకరు బీమా గురించి, డీజిలు ఖర్చు గురించి చెప్పారు. గ్యాస్ లీకైన రాత్రి ఆస్పత్రిలో పని చేసిన నర్సమ్మ ఒకరు చెప్పిన మాటలు తర్వాత నాకు బోర్డు ముందు అక్కరకొచ్చాయి. పుస్తకంలో చదివిన అంకె మరిచిపోవచ్చు, ఎదురుగా కూర్చుని విన్న మనిషి మాట మరిచిపోము.

మాక్ ఇంటర్వ్యూల గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ఒకటి రెండు మంచివే. మాట వేగం ఎంత, ‘యాక్చువల్లీ’, ‘బేసికల్లీ’ ఎన్నిసార్లు వస్తున్నాయి, అవతలివాళ్ల మాట పూర్తి కాకుండానే అందుకుంటున్నామా అనేవి వీడియోలో చూసుకుంటేనే తెలుస్తాయి. అంతకు మించితే నష్టమే. ఒక చోట ఇంకొంచెం నవ్వమన్నారు, మరో చోట నవ్వు తగ్గించమన్నారు. ఒక చోటయితే సివిల్స్‌లోకి ఎందుకు రావాలనుకుంటున్నారనే ప్రశ్నకు అచ్చువేసిన సమాధానమే ఇచ్చారు. అదే వాక్యం, అదే వరుసలో, ఇంటర్వ్యూ రోజు హాలులో పక్క కుర్చీలోని అబ్బాయి పెదాలు కదుపుతూ వల్లె వేసుకుంటున్నాడు. రోజుకు అంతమందిని చూసే బోర్డు ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు విని ఉంటుందో!

నాకు నిజంగా పనికొచ్చింది ఎంవీపీ కాలనీలో ఉండే ఒక విశ్రాంత అధికారి ఇంట్లో గడిపిన సాయంత్రాలు. ఆయన ఒక ప్రశ్న వేసి మౌనంగా ఉండిపోయేవారు. నేను చెప్పడం ఆపినా మాట్లాడేవారు కాదు. ఆ మౌనాన్ని భరించలేక మనం మళ్లీ మొదలుపెడతాం, అక్కడే అనవసరమైన మాటలు దొర్లుతాయి. ‘ప్రశ్న పూర్తయ్యాక ఒక్క ఊపిరి తీసుకో అమ్మా. చెప్పాల్సింది అయిపోతే ఆగిపో. ఖాళీని నింపడం నీ పని కాదు’ అనేవారు. ఆ అలవాటు రావడానికి చాలా రోజులు పట్టింది.

భాష గురించి ఒక మాట. తెలుగు మాధ్యమంలో మెయిన్స్ రాసినవాళ్లు ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వవచ్చు, అనువాదకుడిని యూపీఎస్సీయే ఏర్పాటు చేస్తుంది. ఆంగ్లంలో మాట్లాడితేనే గౌరవమనే భయంతో రాని భాషలో ఆలోచనలు కుదించుకోకండి. తెలుగులో ఇచ్చేవాళ్లు చిన్న వాక్యాలు అలవాటు చేసుకోవాలి. వాక్యం పొడవైతే అనువాదంలో పదును పోతుంది.

ఢిల్లీకి ఒకట్రెండు రోజులు ముందుగా చేరడం మంచిది. మన నుంచి రైలు ప్రయాణం ఒక రాత్రితో తీరదు. చలికాలం పొగమంచుకు రైళ్లు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. ఆంధ్రా భవన్ నుంచి షాజహాన్ రోడ్డులోని ధోల్పూర్ హౌస్ ఎంతో దూరం లేదు. మనవాళ్ల భోజనం, మన భాష దొరికే చోటు కాబట్టి ముందు రోజు అక్కడే తిన్నాను. బట్టల విషయంలో ఇంత చర్చ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. శుభ్రంగా ఇస్త్రీ చేసిన, వంటికి అలవాటైన బట్టలు చాలు. నేను మామూలుగా కట్టుకునే పొందూరు నేత చీరే కట్టుకున్నాను, మీద ఒక స్వెటరు.

గేటు దగ్గర ఫోను ఇచ్చేయాలి. లోపల హాలులో బల్లల చుట్టూ కూర్చోబెడతారు, సర్టిఫికెట్లు పరిశీలిస్తారు. ఇక్కడ మన నిర్లక్ష్యం బాగా బయటపడుతుంది. పదో తరగతి మెమోలో ఒక రకంగా, డిగ్రీ పట్టాలో మరో రకంగా పేరు ఉండటం, ఓబీసీ క్రీమీలేయర్ వర్తించదనే పత్రమో ఈడబ్ల్యూఎస్ పత్రమో అడిగిన ఆర్థిక సంవత్సరానిది కాకపోవడం, కేంద్ర నమూనాకు బదులు రాష్ట్ర నమూనాలో తేవడం. నా బల్ల దగ్గర ఒక అమ్మాయి ఇలాంటి పత్రం చేతిలో పట్టుకుని కళ్ల నీళ్లు పెట్టుకుంది. ఆ మనసుతో కాసేపట్లో బోర్డు ముందుకు వెళ్లాలి ఆమె. తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చిన కాగితాన్ని అక్కడే నిలబడి, నోటిఫికేషన్‌లో ఉన్న నమూనాతో అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి. దయచేసి ఈ పని రేపటికి వదలకండి.

ఏ బోర్డుకు వెళ్తామో అప్పటికప్పుడే తెలుస్తుంది. తెలియగానే హాలులో గుసగుసలు మొదలయ్యాయి. ఈ బోర్డు మార్కులు తక్కువ వేస్తుందట, ఆ అధ్యక్షుడు కటువట. నేను లేచి వెళ్లి మంచినీళ్లు తాగి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆ మాటలు వింటూ కూర్చుంటే గదిలోకి మనతో పాటు ఒక భయం కూడా వస్తుంది.

అధ్యక్షస్థానంలో ఒకరు, అటూ ఇటూ కలిపి నలుగురు. నమస్కరించి, కూర్చోమన్నాక కూర్చున్నాను. అధ్యక్షులు డాఫ్ చూస్తూ, ‘గాజువాక అంటే ఉక్కు కర్మాగారం పక్కనే కదా?’ అన్నారు. అవునన్నాను. నష్టాల్లో ఉన్న సంస్థను ప్రజల డబ్బుతో ఎన్నాళ్లు నిలబెట్టాలి అన్నది వెంటనే వచ్చిన ప్రశ్న.

ఇలాంటి చోట మనవాళ్లు రెండు రకాలుగా జారిపోతారు. ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అని ఉద్యమ గొంతు ఎత్తుకుంటారు, లేదా బోర్డుకు ఏది నచ్చుతుందో ఊహించి అమ్మేయాల్సిందే అంటారు. నేను మొదట చెప్పింది: ‘సార్, మా నాన్నగారు అందులో పని చేస్తున్నారు, మా భూమి అందులో పోయింది. నా మాటను ఆ సంగతి దృష్టిలో పెట్టుకుని వినండి.’ తర్వాత లెక్కలోకి వెళ్లాను. సొంత ఇనుప గనులు లేకపోవడం వల్ల ఖనిజం బయట కొనాలి, అప్పుల మీద వడ్డీ పెరిగింది, ముడిసరుకు చాలక ఫర్నేస్‌లు పూర్తి సామర్థ్యంతో నడవలేదు. ఇది ఒక వైపు. 7.3 మిలియన్ టన్నుల స్థాయికి విస్తరణ అప్పులతో జరగడం, మూలధనం కొరత మరో వైపు. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు నిర్ణయించింది, 2025 జనవరిలో 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ఇచ్చింది. అందులో 10,300 కోట్లు మూలధనం. ఆ డబ్బు పాత అప్పుల్లో కరిగిపోకుండా ముడిసరుకు భద్రతకు దారి తీస్తేనే అర్థం ఉంటుందని, గడువులు పెట్టి సమీక్షించాలని నా అభిప్రాయం చెప్పి ఆగాను.

ఆయన తల ఊపలేదు, కాదనలేదు. ‘మీరు ఆ జిల్లా కలెక్టర్. కార్మికులు జాతీయ రహదారి మీద బైఠాయించారు. ముందు వరుసలో మీ నాన్నగారు ఉన్నారు. ఏం చేస్తారు?’

ఊపిరి తీసుకున్నాను. అంబులెన్సులకు, అత్యవసర వాహనాలకు దారి ముందు తెరిపిస్తానని, యూనియన్ నాయకులతో అక్కడికే వెళ్లి మాట్లాడతానని, వాళ్లకు నిరసన తెలుపుకునే చోటు చూపిస్తానని, నాన్న అందులో ఉన్నారనే విషయం పై అధికారులకు ముందే తెలియజేస్తానని చెప్పాను. ‘మీ నాన్నగారిని అరెస్టు చేయాల్సి వస్తే?’ అన్నారు. ‘మిగతావాళ్లకు ఏ చట్టమో ఆయనకూ అదే సార్. ఇంటికి వెళ్లాక ఆయన నాతో మాట్లాడకపోవచ్చు’ అన్నాను. ఒక సభ్యురాలు చిన్నగా నవ్వారు. నేను నవ్వించడానికి చెప్పలేదు, మా నాన్న సంగతి తెలిసి చెప్పాను.

మరో సభ్యులు తొట్లకొండ గురించి అడిగారు. కొండ మీద అంతమంది భిక్షువులకు నీళ్లెలా అన్నారు. రాతిలో తొలిచిన తొట్లలో వాన నీరు పట్టుకునేవారని, వాటిని ఇప్పటికీ చూడవచ్చని చెప్పాను. వెంటనే, ‘మరి ఇప్పటి విశాఖకు నీళ్లెక్కడివి?’ అన్నారు. సంభాషణ ఎలా మలుపు తిరుగుతుందో చూడండి. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి, ఏలేరు కాలువ ద్వారా వచ్చే నీరు, వాటిని నగరమూ పరిశ్రమలూ పంచుకునే తీరు చెప్పాను. ‘ఏలేరు కాలువ నీటిలో ఎంత శాతం దారిలోనే పోతుంది?’ అని అడిగారు.

‘ఆ అంకె నాకు తెలియదు సార్.’

‘అంచనా చెప్పండి.’

‘అంచనాకు కూడా నా దగ్గర ఆధారం లేదు. తెరిచిన కాలువ కనుక ఆవిరి నష్టం ఉంటుంది, మధ్యలో తోడుకోవడం ఉంటుంది. పైపులైను ఆలోచన అందుకే వచ్చిందని తెలుసు.’

ఆయన ‘మంచిది’ అని ముందుకు వెళ్లారు. తెలియదనడం గురించి అందరూ సలహా ఇస్తారు. దాన్ని ఎలా అనాలో మాత్రం చెప్పరు. క్షమాపణలు, నీళ్లు నమలడం అక్కర్లేదు. తెలియదని ఒక్క వాక్యంలో చెప్పి, దాని చుట్టూ నిజంగా తెలిసింది ఏమైనా ఉంటే ఒక్క వాక్యం కలపాలి. ఏమీ లేకపోతే అక్కడితో ఆగాలి.

గ్యాస్ లీకు ప్రశ్న సభ్యురాలి నుంచి వచ్చింది. ఆ తెల్లవారుజామున మీరు అధికారి అయితే మొదటి పని ఏమిటి అన్నారు. కంపెనీది తప్పా, ప్రభుత్వానిది తప్పా అన్న చర్చలోకి వెళ్లడం ఇక్కడ సులువు. ప్రశ్న అది కాదు. స్టైరీన్ ఆవిరి గాలి కన్నా బరువైనది, నేలను అంటిపెట్టుకుని పారుతుంది కాబట్టి జనాన్ని గాలి వీచే దిశకు అడ్డంగా, ఎత్తైన చోటుకు తరలించాలని, తడిగుడ్డ ముక్కుకు పెట్టుకోమని మైకులో చెప్పించాలని, ఇళ్లలో నిద్రపోతున్నవాళ్ల కోసం రక్షణ పరికరాలున్న బృందాలను పంపాలని చెప్పాను. నర్సమ్మ చెప్పిన సంగతి కలిపాను: పరుగెత్తుతూ రోడ్డు మీదే పడిపోయినవాళ్లు చాలామంది, ఎటు పరుగెత్తాలో వాళ్లకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం కర్మాగారం వెలుపలి అత్యవసర ప్రణాళిక జిల్లా యంత్రాంగం బాధ్యత. అందుకే కాలనీల్లో అభ్యాసాలు జరగాలన్నాను. పన్నెండు మంది చనిపోయిన ఆ ఉదయం గురించి మాట్లాడుతున్నప్పుడు నా గొంతు కొంచెం మారింది. దాన్ని దాచుకోవాలని అనిపించలేదు.

ఆంత్రొపాలజీ నుంచి ఏజెన్సీ భూములను గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదన్న 1997 నాటి సుప్రీంకోర్టు సమతా తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గనుల లీజులు వచ్చాయి, అవి చదివినవే కనుక త్వరగా ముగిశాయి. చివరలో అధ్యక్షులు ధన్యవాదాలు చెప్పారు. లేచి నమస్కరించి వచ్చేశాను. బయటికి వచ్చాక ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను, తర్వాత వెళ్లేవాళ్లకు ఇవ్వడానికి. ఎన్ని మార్కులు వస్తాయో లెక్కలు వేసుకోవడం మాత్రం మానుకున్నాను.

వైద్య పరీక్షలు ఢిల్లీలోని ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే ఉంటాయి కాబట్టి తిరుగు టికెట్టు ఇంటర్వ్యూ సాయంత్రానికే తీసుకోవద్దు. కళ్లద్దాలున్నవాళ్లు అవి, పాత చీటీలు వెంట ఉంచుకోవాలి. వచ్చిన రైలు టికెట్టు పారేయకండి, ప్రయాణ ఖర్చు నిబంధనల మేరకు తిరిగి ఇస్తారు, దానికి ఆ టికెట్టు కావాలి.

ఫలితాల జాబితాలో నా పేరు వచ్చింది. శిక్షణకు వెళ్లేలోగా గాజువాక, అనకాపల్లి, పాడేరు వైపు నుంచి ఈసారి మెయిన్స్ రాయబోయే పిల్లలతో ఆదివారాలు ద్వారకానగర్ గ్రంథాలయం దగ్గర కూర్చుంటున్నాను. డాఫ్ ఇంకా పంపనివాళ్లు ముందు రండి, పంపేశాక మార్చడానికి ఏమీ ఉండదు. వచ్చేటప్పుడు దాని ప్రతి, ఒక పెన్సిలు, కుల ధ్రువపత్రం తెచ్చుకోండి. రాసుకున్న సమాధానాలు ఇంట్లోనే వదిలి రండి.